ఆదివారం తిప్పిన గడ్డిపెళ్ళ

ఫ్లాన్ హెహిర్‌ని తిట్టుకోకుండా సెనన్ కాన్సిడైన్ బూట్లు తొడుక్కున్న పొద్దు ఈ మధ్య ఒక్కటీ లేదు. ఆ ఆదివారమూ అంతే. పొయ్యి పక్క బల్ల మీద కూచుని, తడిసి బిగుసుకుపోయిన లేసులు లాక్కుంటూ, ముడి ముడికీ తిట్టుకున్నాడు. ఫ్లాన్ ఆవులు వట్టిపోవాలనీ, ఇల్లు కాలిపోవాలనీ కాదు. అతనికి వచ్చిన తిట్టు ఒక్కటే: "నిన్ను కూడా నీ పెళ్ళాం పక్కన పడుకోనివ్వకూడదురా."

లేచి నిలబడితే ఎడమ భుజం కుడిదానికన్నా కిందికి జారి ఉంటుంది. పార తొక్కీ తొక్కీ కుడికాలి బూటు అడుగు మధ్యలో కాలవలా అరిగిపోయింది. కిల్‌క్రోనలో చచ్చినవాళ్ళందరికీ చోటు తవ్వింది అతనే. అతని ముందు వాళ్ళ నాన్న. ఆ చేతులు చూసి ఫాదర్ గార్వీ ఒకసారి, "సెనన్, నీ గోళ్ళల్లో నా చర్చికొచ్చే మంది కన్నా ఎక్కువమంది ఉన్నారయ్యా" అన్నాడు. సెనన్ దాన్ని మెప్పు కిందే తీసుకున్నాడు.

ఎడమ చెయ్యి తెల్లవారుజాము నుంచీ లాగుతోంది. వాన ముసురు కదా, అదే అనుకున్నాడు. టీ తాగి, రొట్టె సగం తిని సగం పళ్ళెంలో వదిలేసి, పొడుగు పిడి పార భుజాన వేసుకున్నాడు. చర్చిలో పూజకి పార తీసుకెళ్ళడం ఎవరికైనా వింతగా ఉండొచ్చు, మాకు కాదు. మికో టాల్టీ శనివారం పోయాడు. పూడ్చేది సోమవారం. సోమవారం నాడు గొయ్యి తెరవడం మా వైపు లేదు, ఇంకో ప్రాణం తీసుకుపోతుంది. తప్పనిసరైతే ఆదివారం పూటే ఒక గడ్డిపెళ్ళ కోసి తిప్పి పెట్టాలి. ఇక ఆ గొయ్యి ఆదివారంది అయిపోతుంది. ఆ పెళ్ళ తిప్పే పని సెనన్‌ది.

పూజ అయ్యాక గేటు దగ్గర మికో కొడుకు పాజో ఎదురొచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"సెనన్, మా నాయన పొట్టోడు. మరీ పొడుగ్గా గుర్తు పెట్టావనుకో, లోపల అటూ ఇటూ దొర్లుతాడు."

"దొర్లనీరా. ఇన్నేళ్ళూ మంచం మీద మీ అమ్మ దొర్లనిచ్చిందా పాపం?"

వెనకాలే నల్లకోటులో వస్తున్న మికో భార్య నోనీ టాల్టీ ఏడుస్తూనే నవ్వింది. "నీ నోరు పడ! గోడవైపు సగం ఆయనదే. అయినా నా వైపే దొర్లేవాడు, నా మోకాళ్ళు అడుగు." ఆ వెంటనే మొహం ముడుచుకుపోయింది. "ఇప్పుడు మొత్తం మంచం నాదే సెనన్. నిన్న రాత్రి కూడా అంచుకే పడుకున్నాను."

సెనన్ టోపీ తీసి చేతిలో తిప్పాడు. ఆ మాటకి జవాబు అతని దగ్గర ఉంది. తొమ్మిదేళ్ళుగా ఉంది. 

"సాయంత్రం శవం దగ్గర జాగారానికి ఇంటికి రా. నువ్వు లేకపోతే ఆయన గురించి అబద్ధాలు చెప్పేవాడు ఉండడు" అంది నోనీ.

"వస్తా."

కొత్త శ్మశానం పెద్దరోడ్డు పక్కన. చదునుగా, బల్లపరుపుగా ఉంటుంది. ఎక్కడి నుంచో లారీల్లో తెచ్చి పోసిన మట్టి, అడుగున ఇటుక ముక్కలు. వరసల చివర సిమెంటు దిమ్మెలు, నీళ్ళ కుళాయి. చదువుకున్నవాళ్ళు గీతలు గీసి మమ్మల్ని వరసలో పడుకోబెడుతున్నారు. సెనన్ మికో చోటు దగ్గర పార మోపి నాలుగు వైపులా కోసి, పెళ్ళని ఎత్తి, పచ్చిక కిందికి వేర్లు పైకి వచ్చేలా బోర్లించాడు. గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. ఎడమ చెయ్యి బరువెక్కింది. కుళాయి కింద దోసిలి పట్టి నీళ్ళు తాగాడు. ఈ కుళాయి చూపించే ఫ్లాన్ ఒకసారి, "నీకేం సెనన్, కుళాయి పక్కన మంచి చోటుంది" అన్నాడు. చచ్చాక దాహం వేస్తుందన్నట్టు.

ఇంటికి పోవలసినవాడు పోలేదు. కాళ్ళు అలవాటుగా పాత చర్చి దారి పట్టాయి.

పాత చర్చికి పైకప్పు లేదు. గోడల్లో ఐవీ తీగ, లోపల కాకులు. దాని వాకిట్లో రాతి శిలువ. అది ఎప్పటిదో ఎవరూ సరిగ్గా చెప్పరు. రెండు నిలువుల ఎత్తు, భుజాల్ని కలుపుతూ రాతి వలయం, పక్కలంతా పాములా అల్లుకున్న గీతలు. ముందు వైపు చేతికర్ర పట్టుకున్న బిషప్పు బొమ్మ చెక్కి ఉంది. వానలకి ఆయన ముక్కూ కళ్ళూ కొట్టుకుపోయి, మొహం సబ్బు ముక్కలా నున్నబడింది. పన్ను నొప్పి వస్తే మావాళ్ళు ఆయన పాదానికి దవడ ఆనిస్తారు. సెనన్ భార్య డీలియా చిన్నప్పుడు నొప్పి లేకపోయినా ఆనించేదట, చల్లగా ఉంటుందని.

శిలువ పాదం దగ్గర చోటు డీలియా పుట్టింటివాళ్ళది. పెళ్ళితో సెనన్‌కి వచ్చిన ఆస్తి అదొక్కటే. ఆమె దాన్ని చూపించి నవ్వేది: "నేను గోడవైపు, నువ్వు శిలువవైపు. నీ గురకకి బిషప్పు కర్ర పుచ్చుకుని పారిపోకపోతే చూడు."

తొమ్మిదేళ్ళ కిందట ఆమె పోయినప్పుడు సెనన్ పార ముట్టుకోలేదు. సొంతవాళ్ళ గొయ్యి సొంతవాళ్ళు తవ్వరు, ఇరుగుపొరుగు తవ్వాలి. ఫ్లాన్ హెహిర్, మికో టాల్టీ తవ్వారు. గోడవైపు బండ తగిలింది. పగలగొట్టడానికి బద్ధకించి ఫ్లాన్ గొయ్యిని శిలువవైపుకి జరిపాడు. వద్దన్నా వినలేదని మికోయే తర్వాత తాగి చెప్పాడు. రెండు చలికాలాలు గడిచేసరికి శిలువ డీలియా మీదికి ఒరిగింది. పట్నం నుంచి పాత రాళ్ళు చూసుకునే సర్కారు టోపీలవాళ్ళు వచ్చారు. దగ్గరలో ఎవరో తవ్వబట్టే ఒరిగిందన్నారు. చర్చి కమిటీ పెద్ద ఎవరు? ఫ్లానే. తవ్వింది తనేనని చెప్పకుండా తలూపాడు, సంతకం పెట్టాడు. శిలువకి ఇనుప ఊత, చుట్టూ నీలం తాడు, లోపల పార పెట్టకూడదని బోర్డు. సెనన్ పడుకోవలసిన చోటు తాడు లోపల ఉండిపోయింది.

సెనన్ తాడు పక్కనే నిలబడి డీలియా సమాధిరాతి మీద కాకి రెట్ట చేతిరుమాలుతో తుడుస్తుంటే, గేటు బయట కారు ఆగింది. ఫ్లాన్. మంచి కోటు, మెరిసే బూట్లు, బుగ్గలు ఎర్రగా.

"తాడు దాటలేదు కదా సెనన్?"

"చెయ్యి దాటింది. రుమాలు దాటింది. కేసు పెట్టు."

"నేనేమన్నానని? పార చూసి అడిగాను."

సెనన్ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ అడగని మాట ఆ పూట అడిగాడు. ఎందుకో అతనికీ తెలియదు.

"ఫ్లాన్, నన్ను ఇక్కడ పూడ్చనివ్వు. బండ ఉంటే బండ కొడతారు. చేత్తో తవ్వమను, లోతు వద్దు. శిలువకి ఏమీ కాదు. పైవాళ్ళకి నువ్వొక్క ముక్క రాస్తే వింటారు."

"నా చేతుల్లో ఏముంది సెనన్?"

"ఆ రోజు పార ఉండింది."

ఫ్లాన్ మొహంలో రంగు చెవుల దాకా పాకింది. కారు తాళాలు వేళ్ళ మధ్య తిప్పాడు. మికో పోయాడు కనక ఇక ఆ సంగతి తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే అని ఇద్దరికీ తెలుసు.

"అయిపోయినదాన్ని ఇప్పుడు తవ్వకు" అన్నాడు ఫ్లాన్. మెల్లగానే అన్నాడు. "నీకింకా చాలా టైముంది, ఇంటికి పో. చలి గాలి."

కారు చప్పుడు వంతెన దాటేదాకా సెనన్ కదల్లేదు. తర్వాత తాడు ఎత్తి, వంగి లోపలికి దూరాడు. నడుం పట్టేసింది. డీలియాకీ శిలువకీ మధ్య మిగిలిన సన్నటి పచ్చిక మీద పార మోపి, అరిగిన బూటుతో తొక్కాడు. ఇక్కడి నేల నల్లగా, వెన్నలా దిగుతుంది. నాలుగు వైపులా కోశాడు. పెళ్ళ ఎత్తి, తలవైపున బోర్లించి పెట్టాడు. ఒక వానపాము బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోయింది.

"ఆదివారమే డీలియా" అన్నాడు. "దోషం లేదు."

పార డీలియా రాయికి ఆనించి, శిలువ పీఠానికి వీపు ఆనించి కూచున్నాడు. చెమట పోస్తోంది, ఒళ్ళు మాత్రం చల్లగా ఉంది. మొహం పక్కకి తిప్పి దవడ రాతికి ఆనించాడు. చల్లగానే ఉంది, ఆమె చెప్పినట్టు. కాకులు గోడల్లో సర్దుకున్నాయి. టోపీ ఒళ్ళోంచి జారి గడ్డిలో పడింది. సెనన్ దాన్ని తీసుకోలేదు.

సాయంత్రం టాల్టీ ఇంట్లో నోనీ రెండుసార్లు తలుపువైపు చూసి, "పాజో, సెనన్ మాట తప్పే మనిషి కాదురా, చూసి రా" అంది. పాజోకి ఎక్కడ వెతకాలో తెలుసు. వెలుతురు పూర్తిగా పోకముందే కనిపించాడు. నిద్రపోతున్నాడనుకుని, "గురక లేదేంటి సెనన్" అన్నాడట ముందు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ ఏడుస్తాడు.

మికోని పూడ్చి వచ్చిన సోమవారం ఊళ్ళోవాళ్ళంతా ఫ్లాన్ వాకిట్లో నిలబడ్డారు. "డీలియా పక్కన సెనన్ ఆదివారం పెళ్ళ తిప్పాడు, తనే తిప్పుకున్నాడు. తిప్పిన నేలని ఖాళీగా వదలకూడదు, నీకు తెలుసు" అన్నాడు పాజో. పైవాళ్ళకి ఫోన్ చేస్తానని ఫ్లాన్ లోపలికి పోయాడు. బయటికొచ్చి, కుదరదన్నారని చెప్పాడు. నిజంగా ఫోన్ చేశాడో లేదో తలుపుకి తెలియాలి. నోనీ ఒక్కతే ముందుకొచ్చి అతని మొహంలోకి చూసి, "నీ మంచం ఎంత వెడల్పు ఫ్లాన్?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

బుధవారం సెనన్‌ని కొత్త శ్మశానంలో, కుళాయి పక్కన పూడ్చారు. యంత్రంతో తవ్వారు. మట్టిలో ఇటుక ముక్కలు వచ్చాయి.

తాడు లోపలి పెళ్ళని తిరిగి సర్దమని కమిటీ చెప్పింది. చచ్చినవాడి కోసం తిప్పిన పెళ్ళని వెనక్కి తిప్పే చెయ్యి కిల్‌క్రోనలో లేదు. ఫ్లాన్‌ది కూడా రాలేదు. డీలియా కుడిపక్కన సెనన్‌కి దక్కకుండా పోయిన నేల ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. దాని తలవైపున, బిషప్పు పాదాల కింద, ఆ ఒక్క గడ్డిపెళ్ళ వేర్లు పైకి పెట్టుకుని ఇంకా బోర్లా పడి ఉంది.