తడిగోనె

గోనెసంచిని బకెట్లో ముంచి, గట్టిగా పిండి, భుజాన వేసుకుని ముసలాయన మేడమెట్లు ఎక్కాడు. ధాన్యం బేరాలు జరిగే హాలులో ఆయన్ని అందరూ తడిగోనె అనే పిలిచేవారు. ఊడ్చే పనిలో చేరిన తొలి నెల తప్పిస్తే, ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కనాడూ పొడి చీపురు పట్టలేదు. "నేలకు స్నానం చేయించడానికే పుట్టాడు మా ఆయన" అని భార్య బతికున్నన్నాళ్లూ వేళాకోళం చేసింది.

బేరాలు ఆగిపోయి ఏడాదయింది. హాలు గ్రంథాలయం కాబోతోంది. పుస్తకాల బీరువాలు వచ్చేశాయి. ఇనుప మెట్లు అతికించడానికి వెల్డింగ్ వాళ్లు పొద్దున్నే దిగారు. సాయంత్రం తాళంచెవులు అప్పగించి వెళ్లిపొమ్మని ముసలాయనతో ముందే చెప్పారు. ఆయన ప్రాణమంతా మేడగోడకు కొట్టిన చెక్కల మీదే ఉంది. వాటి వెనక ఏళ్ల తరబడి ధాన్యపు దుమ్ము పేరుకుపోయింది.

వెల్డింగ్ మేస్త్రీ గాలి ఊదే బ్లోయర్ పట్టుకుని పైకొచ్చాడు.

"దుమ్మే కదా తాతా, చిటికెలో ఎగరగొట్టేస్తా."

"వద్దయ్యా! అది గాల్లోకి లేచాక నిప్పురవ్వ పడిందంటే హాలంతా పేలిపోద్ది."

మేస్త్రీ నవ్వి స్విచ్ వెతికాడు. ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. బ్లోయర్ లాక్కుని ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాడు.

"మా అన్న ఇక్కడే పోయాడు. దీపం పట్టుకుని పైకొచ్చాడు. అప్పుడే పొడి చీపురుతో ఊడ్చి దుమ్ము లేపింది..." బ్లోయర్‌ను ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. "నేనే."

ఆ మాట ఆయన భార్యకు కూడా ఎన్నడూ చెప్పలేదు.

మేస్త్రీ వాచీ చూసుకున్నాడు. కింద ఆరుగురు కూలీలు ఊరికే నిలబడ్డారు. "రెండింటిదాకా ఆగుతా. ఆ తర్వాత నా మాట వినాలి."

ముసలాయన ఒక్కో చెక్కా ఊడదీసి, తడిగోనెతో అద్ది, దుమ్మును ముద్దలుగా తీసి బకెట్లకెత్తాడు. ఎడమ చెయ్యి లాగుతున్నా పట్టించుకోలేదు. రెండు కావస్తుండగా చివరి చెక్క మొరాయించింది. మేస్త్రీ విసుక్కుంటూ వచ్చి తానే పెకిలించాడు. వెనక నుంచి మెత్తటి దుమ్ము మోకాళ్లదాకా జారింది. అతని మొహం పాలిపోయింది.

"కదలకు, పైకి లేస్తది!" అన్నాడు ముసలాయన.

"నువ్వు కూర్చో తాతా. ఎలా తీయాలో చెప్పు."

ఇద్దరూ ఆ పని ముగించేసరికి మూడు దాటింది. ఆఖరి గోనెను బాగా తడిపి, ఇనుప మెట్ల కింద పరిచి, ముసలాయన తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వెల్డింగ్ మొదలైంది. తొలి రవ్వలు రాలగానే ఆయన ఊపిరి బిగబట్టాడు. అవి గోనె మీద పడి చుయ్యిమని ఆరిపోయాయి. హాలులో ఇంకేమీ కాలేదు. ఆయనకు ఏడుపొచ్చింది, హాయిగా ఏడ్చాడు.

పొద్దు వాలాక మేస్త్రీ తాళంచెవుల కోసం వచ్చాడు. "తాతా, అయిపోయింది. లే, ఇంటి దగ్గర దింపుతా." భుజం తట్టాడు. ముసలాయన పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. మేస్త్రీ ఆయన పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు.

మెట్ల కింద గోనె అలాగే పరిచి ఉంది, ఒళ్లంతా చిన్న చిన్న నల్లటి చిల్లులతో, ఇంకా తడిగానే.