గాలి ఆగిన మధ్యాహ్నం

“గుంట నిండా కళ్లు!” అని అబిగయీలు అరిస్తే, పక్క రొయ్యల గుంట జకరయ్య కల్లు అనుకుని చెంబుతో పరిగెత్తుకొచ్చాడు. వెనకే అల్లూరు నుంచి కొత్తగా వచ్చిన పనివాళ్లు.

తుపాను గాలి పొద్దుట్నుంచీ నీళ్లను చిలుకుతోంది కదా అని, డీజిల్ ఆదాకి ఆశపడి ఆమె తన గుంటలో నీళ్లకి గాలి కలిపే ఏరియేటర్లు ఆపేసింది. మధ్యాహ్నం గాలి చప్పున చచ్చిపోయింది. మబ్బు కమ్మి పట్టపగలే చీకటి. టార్చి వేస్తే గట్టు పొడవునా ఎర్రటి కళ్లు ఆమెనే చూస్తున్నాయి.

“ఏదమ్మా కల్లు?”

“తాగేది కాదు మామా, చూసేవి!” అంటూ ఆమె ఇంజను హ్యాండిల్ తిప్పింది. అది దగ్గి ఊరుకుంది. మళ్లీ తిప్పింది. ఏరియేటర్ల చక్రాలు కదిలాయి. కళ్లు ఒక్కొక్కటే నీళ్లలోకి దిగి ఆరిపోయాయి. గట్టు వార కొన్ని అలాగే వెలుగుతున్నాయి.

“గాలాగితే నీళ్లలో ఊపిరాగిపోద్ది. పీల్చుకుందామని రొయ్యలన్నీ పైకొచ్చినాయి,” అని అబిగయీలు పనివాళ్లకి చెప్పింది. “ఆ వెలిగేవాటికి ఊపిరందలేదు, ఇంక కిందికి పోవు.”