కాళ్ళు చాపిన పొద్దు

తాండూరు పాలిష్ యూనిట్‌లో మిషన్ ముందు నిలబడి ఉండగానే రామమ్మ కాలి మీద ఉబ్బిన నరం చిట్లింది. నాపరాయి మీద నెత్తురు చిమ్మింది. యజమాని రాజేందర్ పరుగెత్తుకొచ్చాడు. వచ్చి ఏమన్నాడో తెలుసా?

"ముందుగాల రాయి కడుగుండ్రి! మరక వడితే ఎవడు కొంటడు?"

నేను పైపు అందుకుని రాయే కడిగాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

మర్నాడు రామమ్మను వికారాబాద్ ఆస్పత్రికి తీసుకెళ్ళాను. మోకాలి కింద బిగించిన తాడు చూసి డాక్టరమ్మ తల పట్టుకుంది. నొప్పి దిగుతుందని మేమందరం కట్టుకునే తాడే అది.

"కాళ్ళల్ల రక్తం గుండెకు ఎక్కాలె. కిందికి జారకుండ నరాల్ల సన్నటి తలుపులుంటయ్. పొద్దంత నిలవడితే అవి పాడైతయ్, రక్తం ఆడనే నిలుస్తది. తాడు గడితే పైకి పోయే తొవ్వ గూడ బందైతది. పాదం నుంచి పట్టే గట్టి సాక్సులు తొడుగు. చెడ్డ నరాన్ని లేజర్‌తోని మూస్తం. కని గంటకోసారి కూసోవాలె, కాళ్ళు గుండెకన్న ఎత్తుల పెట్టుకోవాలె. లేకుంటె ఇంకో నరం ఉబ్బుతది."

గంటకోసారి కూర్చోవాలన్న మాటే చీటీ మీద రాసిచ్చింది. యూనిట్‌కు తెచ్చి చూపిస్తే రాజేందర్ చదివి, "రేపు గేటుకాడ అందరి కాళ్ళు చూస్త. నరాలు ఉబ్బినోళ్ళు ఇంటికాడ్నే కూసోండ్రి" అన్నాడు. వైద్యం కోసం తెచ్చిన చీటీతోనే మమ్మల్ని వెళ్ళగొడతాడట!

సాయంత్రం పెద్దేముల్ పోయే ఆటోల దగ్గర లొల్లి మొదలైంది.

"నరాలు దాసుకుందం," అన్నాడు మాతో పనిచేసే మొగులప్ప.

"ఎన్నొద్దులు దాస్తవ్?" రామమ్మ కసిరింది.

"నా కాళ్ళు మంచిగనే ఉన్నయ్ గద, నాకెందుకు?" కిందటి నెలే పనిలో చేరిన పూజిత గొణిగింది.

"నేనొచ్చిననాడు నావి గూడ మంచిగనే ఉండె బిడ్డా," అంది రామమ్మ.

పూజిత వంగి రామమ్మ కాలి కట్టు చూసింది.

తెల్లారి ముప్పై మందిమి ఒక్కసారే గేటులోకి తోసుకుపోయాం. రాజేందర్ గది ముందు వెల్లకిలా పడుకుని, పేర్చిన రాళ్ళ మీద కాళ్ళు పెట్టాం. మొదట పడుకున్నది పూజితే. అందరి అరికాళ్ళూ అతని గది వైపే.

"నా దిక్కు కాళ్ళు చాపుతర్రా!"

"డాక్టరమ్మ చెప్పిన మందే గిది సేటు," అంది రామమ్మ. "గంటకోసారి కూసుండనిస్తనని చెప్పు, లేస్తం."

రాజేందర్ పిలిపించిన పోలీసులొచ్చి ముందుగా రామమ్మనే కట్టు కాలితో జీపులోకి ఈడ్చారు. అప్పుడే పక్క యూనిట్‌లో మిషన్ల చప్పుడు ఆగింది. గోడ మీద తలలు లేచాయి.

"అన్నా, కాళ్ళు ఎంత ఎత్తుల పెట్టాలె?"

చెప్పాం. ఒక్కొక్కరే గోడ దూకి వచ్చి మా పక్కన పడుకున్నారు. పోలీసులకు ఆ రోజు ఒక్క జీపు చాలలేదు.