ఏడవకూడని పిల్ల

బండల మీద పాలు పారుతుంటే శివజ్యోతి కొంగుతోనే తుడిచింది. గుడ్డ వెతుక్కునే లోపు అత్త చూస్తుందని భయం. అత్త అప్పటికే చూసింది.

"గలాసు పట్టుకోను కూడా శాతకాని దాన్ని కన్నావు" అంది హనుమంతమ్మ, మంచం దిగకుండానే.

ఆరేళ్ల శిల్ప గోడకు ఆనుకుని నిలబడింది. కుడిచేయి వాడిన కాడలా వేలాడుతోంది. చొక్కా ఇస్త్రీ కాలేదని తండ్రి ఈరేష్ ఇంతకు ముందే కేకలు వేశాడు. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. గ్లాసు జారింది. ఎప్పుడూ ఇదే వరస: ముందు ఆయన గొంతు, తర్వాత పిల్ల ఏడుపు, ఆ తర్వాత ఆ చేయి. శివజ్యోతి ఈ మాట చెప్పినప్పుడల్లా తల్లీకొడుకులు "నకరాలు" అని కొట్టిపారేశారు.

బేతంచెర్లలో ఆ ఇంటి బండలు సొంత పాలిష్ ఫ్యాక్టరీలో కోసినవి. అద్దంలా ఉన్నాయని వచ్చినవాళ్లంతా ఈరేష్‌ను మెచ్చుకుంటారు. పూటపూటకూ రాతిపొడి కమ్మే ఆ బండలను ఎవరు తుడుస్తున్నారని ఒక్కరూ అడగలేదు. కూలీలకు సంగటి గెలికేది ఆమే. నెలనెలా రక్తం ఎక్కించడానికి పిల్లను కర్నూలు బస్సెక్కించేదీ ఆమే. పిల్లకు పుట్టుకతో వచ్చిన రక్తం జబ్బు, తలసీమియా. "మీయమ్మ తెచ్చిన రక్తమే ఇది" అంటుంది పిల్లతో హనుమంతమ్మ. ఆమె శివజ్యోతికి సొంత మేనత్త. తల్లి నుంచీ తండ్రి నుంచీ, ఇద్దరి నుంచీ వస్తేనే ఈ జబ్బు వస్తుందని డాక్టరు చెప్పిన రోజు ఈరేష్ ఫోన్ చూసుకున్నాడు. అత్తకు చెవులు వినపడలేదు. మేనరికం చేసుకున్న ఇంట్లో కూడా చెడ్డ రక్తం కోడలిదే.

చివరికి కర్నూలులో తలకు స్కాన్ తీశారు. మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాలు సన్నబడిపోయాయని, ఆపరేషన్ చేసి రక్తానికి కొత్త దారి వేయాలని అన్నారు. ఆపరేషన్‌కు ముందురోజు మత్తు డాక్టరు కృపమణి భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టింది.

"పాపకు రక్తం ఎక్కించినాం, సెలైన్ పెట్టినాం. మా పని మేం చూసుకుంటాం. మీరు చేయాల్సింది ఒక్కటే. మత్తుకు నిద్ర పట్టేదాకా పాపను ఏడవనీయొద్దండి. ఏడిస్తే రొప్పు వస్తుంది. రొప్పితే మెదడులో నాళాలు ముడుచుకుని రక్తం అందదు. ఏడ్చినప్పుడు చేయి పడిపోయేది అందుకే. రేపు పడిపోతే మళ్లీ లేవకపోవచ్చు."

నకరాలు కాదు. శివజ్యోతి భర్త వైపు చూసింది. ఆయన గోడ గడియారం చూశాడు.

మరునాడు ఆపరేషన్ గది వాకిట్లో, తోడు ఒక్కరే రావాలని నర్సు చెప్పింది.

"నేను పోతా. నాయన్ని గదా, నేనే ఉండల్ల" అన్నాడు ఈరేష్.

"మొగోడు పోతేనే పిల్లకు ధైర్యం" అంది బెంచీ మీద నుంచి హనుమంతమ్మ.

ఈరేష్ వంగి, పిల్ల ముఖం ముందు వేలు ఆడించాడు. "సూడు శిల్పా, ఏడ్చినావంటే తంతా. తెలిసిందా?"

ఆయనకు తెలిసిన ఊరడింపు అదొక్కటే. ఏడ్చేవాళ్లను ఇంకొంచెం బెదిరిస్తే ఏడుపు ఆగుతుందని ఆ ఇంటి నమ్మకం. భార్య విషయంలో ఆగింది కూడా.

పిల్ల కింది పెదవి వంకర తిరిగింది. ఊపిరి ఎగసిపడింది. తల్లి కొంగు పట్టుకున్న వేళ్లు ఒక్కొక్కటే వదులవుతున్నాయి.

శివజ్యోతి ఆ వేళ్లను చూసింది. పిల్లను ఎత్తి భుజాన వేసుకుంది.

"బావా, దూరం పో."

"ఏమ్మే?"

"నీ గొంతు ఇంటే దీని చెయ్యి పడిపోతాది. దూరం పో."

అరవలేదు. అరిస్తే పిల్ల ఏడుస్తుంది. ఇన్నేళ్లూ గుండెల్లో పెట్టుకున్న మాట ఇంత నెమ్మదిగా బయటికి వస్తుందని ఆమే అనుకోలేదు. ఈరేష్ నోరు తెరిచేసరికి కృపమణి తలుపు తెరిచి పట్టుకుంది. శివజ్యోతి లోపలికి నడిచింది.

ముఖం మీదికి వస్తున్న మత్తు మాస్కు చూసి పిల్ల బిగుసుకుంది.

"వేడిపాలు ఊదుకుంటాం సూడు తల్లీ, అట్ల. మెల్లగా. మీగడ కదలకూడదు" అంది శివజ్యోతి, ఆ కుడిచేయి తన చేతిలో పెట్టుకుని.

పిల్ల ఊదింది. మీగడ కదలకుండా ఊదింది. వేళ్లు తల్లి వేలిని గట్టిగా పట్టుకుని, ఆ పట్టుతోనే నిద్రలోకి జారాయి. కంట ఒక్క చుక్క లేదు.

బయటికి రాగానే ఈరేష్ ఎదురొచ్చాడు. పిల్ల ఏడ్చిందా అని అడగలేదు.

"నలుగుర్లో నన్నే దూరం పొమ్మంటావా?"

"ఇంటికి రానీలే, చెప్దాం" అంది హనుమంతమ్మ.

"ఇంటికాడ కూడా ఇదే మాట అత్తా. పాప ముందర గొంతు లేపినోళ్లు ఎవురైనా సరే, వాకిలి బయట ఉండల్ల."

ఈరేష్ నవ్వాడు. "బయట పెట్టనీకి ఆ ఇల్లు ఎవురిదే?"

పిల్ల నిద్రలో ఉంది. ఇప్పుడు గొంతు తగ్గించుకోవాల్సిన పని లేదు. వరండాలో ఉన్న జనమంతా తలలు తిప్పి చూసేటట్టు అంది శివజ్యోతి:

"ఆ బండలు తుడిచేదానిది!"