కిటుకు విన్న శాలువా

నేను ఒక సన్మాన శాలువాను. సూరత్‌లో మరమగ్గం మీద పుట్టాను. నా అంచున మెరిసేది జరీ అనుకునేరు, ప్లాస్టిక్ దారం. చలి ఆపడం నాకు చేతకాదు. నన్ను కప్పించుకున్నవాళ్ళెవరూ చలికి కప్పించుకోలేదు కూడా. సముద్రం ఒడ్డున ఉన్న ఒక విశ్వవిద్యాలయానికి చేరి, ఒక భుజం దిగి బీరువాలోకి, బీరువా దిగి ఇంకో భుజం మీదికి తిరిగాను. పదవీ విరమణ చేసినవాళ్ళు, ప్రమోషన్ వచ్చినవాళ్ళు, రాకపోయినా పెద్దమనసుతో వేదిక ఎక్కినవాళ్ళు, అందరి చెమటా నాకు తెలుసు.

ఒకరోజు నన్ను డాక్టర్ సువార్త గారికి కప్పారు. ఆవిడ అక్కడ సూక్ష్మజీవశాస్త్రం చెబుతారు. రొయ్యల చెరువుల్లో తెగులును అణచే ఒక మంచి బ్యాక్టీరియాను పట్టుకున్నారు. అంతకన్నా గొప్ప పని, ఫ్రిజ్ లేకుండా అది బస్తాలో బతికుండే ఉపాయం కనిపెట్టారు. పరిశోధనలను కంపెనీలుగా నిలబెట్టే కేంద్రాన్ని అక్కడే జలీల్ గారు నడుపుతారు. ఆవిడ చేత కంపెనీ పెట్టించాలని కాళ్ళరిగేలా తిరిగి, పెట్టుబడి పెట్టేవాళ్ళను ఒప్పించారు. వాళ్ళది ఒకటే షరతు. పేటెంటుకు దరఖాస్తు పెట్టేదాకా ఆ ఉపాయం బయటికి పొక్కకూడదు.

ఈ సంగతి విభాగాధిపతి విశ్వేశ్వరం గారి చెవిన పడింది. ఆయన సువార్త గారికి గురువు. మంచివారే, కాకపోతే మైకు అంటే ప్రాణం. "మన పిల్లకి పెట్టుబడి వస్తుంటే సన్మానం చెయ్యకపోతే ఎలాగయ్యా!" అని దరఖాస్తు కంటే ముందే సభ పెట్టేశారు. మన సభల్లో శాలువా కప్పించుకున్నవాళ్ళు నాలుగు మాటలు మాట్లాడి తీరాలి. సువార్త గారు కృతజ్ఞతలు చెప్పి కూర్చోబోయారు.

"ఆ కిటుకేంటో కూడా చెప్పమ్మా! ఇక్కడున్నదంతా మనవాళ్ళే కదా," అన్నారు గురువుగారు.

ముందు వరసలో జలీల్ గారు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. నాకు నోరుంటే అరిచేదాన్ని.

"గంజేనండీ. చిక్కటి గంజిలో కలిపి నీడన ఆరబెడితే చాలు," అన్నారావిడ.

చప్పట్లు మోగిపోయాయి. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆవిడ నోరు జారలేదు, గురువుగారు అడిగి మరీ జార్పించారు. మర్నాడు పేపర్లో గంజితో సహా పడింది. ఊరందరికీ తెలిసినదానికి ఇక పేటెంట్ ఎక్కడిదని పెట్టుబడివాళ్ళు తప్పుకున్నారు.

"ఒక్క వారం ఆగమన్నాను కదా మేడం," అన్నారు జలీల్ గారు.

"గురువుగారు అడిగితే ఎలా దాచనండీ?"

దొంగ ఎవరైనా ఉంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. అక్కడ ఉన్నవాళ్ళంతా మంచివాళ్ళే, అదే నా ఏడుపు. సువార్త గారు నన్ను మడతపెట్టి ఇంటికి తీసుకెళ్ళారు. కంపెనీ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఏడాది తిరిగేసరికి అదే బ్యాక్టీరియా, అదే గంజితో ఆరబెట్టిన పొడిగా బస్తాల్లో చెరువు గట్ల మీదికి వచ్చింది. అమ్మేది మంగపతి గారనే వేరే ఊరి వ్యాపారి. విశ్వవిద్యాలయం ఆయన్ని ముఖ్య అతిథిగా పిలిచి, శాలువా కొనడం మరిచిపోయింది. "అమ్మా, నీ దగ్గరుందిగా, కాస్త పట్రా," అని విశ్వేశ్వరం గారు ఫోన్ చేశారు. సువార్త గారు నన్ను ఇస్త్రీ చేసి తెచ్చి, తన చేతులతోనే మంగపతి గారికి కప్పారు.

ఇప్పుడు నేను ఆయన కారు తుడిచే గుడ్డను. దానికి నాకు చింత లేదు. మరిచిపోలేనిది ఆ సభే. ఎలా తయారుచేస్తారో చెప్పమని ఎవరో అడిగితే, మంగపతి గారు చిరునవ్వు నవ్వి, "అది మా కంపెనీ రహస్యం అండి, బయటికి చెప్పకూడదు," అన్నారు.

సభంతా మెచ్చుకోలుగా నవ్వింది. విశ్వేశ్వరం గారు పక్కనున్న సువార్త గారి వైపు వంగి, "చూశావామ్మా, వ్యాపారమంటే అలా ఉండాలి," అన్నారు.

"అవునండీ," అన్నారావిడ.