మమ్మీ వచ్చిందా?

ఆదివారం చర్చి నుంచి వచ్చి విక్టోరియా చికెన్ కడుగుతుండగా, హెర్బర్ట్ ఒక చిన్న డబ్బా తెచ్చి స్టెఫీ చేతిలో పెట్టాడు.

"నీకే బేటా. నీ సొంత సెల్ ఫోన్."

స్టెఫీకి అప్పటికి ఎనిమిదేళ్ళు. పన్నెండో ఎక్కం దాకా వచ్చు, షూ లేసు కట్టుకోవడం మాత్రం ఇంకా రాదు. విక్టోరియా తడి చేతులతోనే ముందు గదిలోకి వచ్చింది.

"గింత చిన్నపిల్లకు ఫోనెందుకండీ?"

"ఎందుకంటే? నేను నెలల సగం రోజులు టూర్ల మీదుంటా. నువ్వు ఆరింటి దాకా ఆఫీసుల ఉంటవ్. పిల్లకు ఏమన్నయితే ఎవరికి చెప్పుకోవాలె? తల్లి ఇంట్ల ఉంటే గీ ఫోన్‌తోని పనే లేకుండె."

ఆమె వంటింట్లోకి వెళ్ళి, కడిగిన చికెన్‌నే మళ్ళీ కడిగింది. పొద్దున ఐదింటికి లేచి మూడు టిఫిన్ డబ్బాలు కట్టేదెవరు? పిల్లకు జడలు వేసేది, యూనిఫాం ఇస్త్రీ చేసేది, జ్వరం వస్తే తన సెలవులు వాడుకుని దవాఖానలో చీటీ పట్టుకుని కూర్చునేదెవరు? అవన్నీ చేస్తున్నంతసేపూ ఆమె ఇంట్లో ఉన్నట్టు ఎవరికీ కనబడదు. లేని రెండు గంటలే అందరికీ కనబడతాయి. బడి నాలుగింటికి వదులుతారు, ఆమె ఆరింటికి వస్తుంది. చర్చిలో కూడా ఆ రెండు గంటల గురించే అడుగుతారు, అదీ ఆమెనే అడుగుతారు. మోటారు పంపులు అమ్ముకుంటూ నిజామాబాద్‌లో ఉన్న హెర్బర్ట్‌ను నాలుగింటికి ఎక్కడున్నావని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

నిజానికి ఆ రెండు గంటలకూ ఫికర్ ఉండేది కాదు. వాళ్ళుండేది నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, వామన్‌రావు ఇంటి పై వాటాలో. కింద ఆయనతోపాటు కోడలు పద్మ ఉంటుంది. పద్మ కూతురు శ్రీనిధిది స్టెఫీ వయసే. బడి నుంచి వచ్చి ఇద్దరూ అక్కడే తిని, ఆడుకుని, కొట్లాడుకుని, విక్టోరియా వచ్చేసరికి మళ్ళీ కలిసిపోయి ఉండేవారు. "ఫోన్ ఉన్నంక ఒకరింట్ల ఎందుకు కూసోవాలె? ధైర్యం రావాలె," అని హెర్బర్ట్ తాళంచెవిని తాడుకు కట్టి పిల్ల మెడలో వేశాడు. బడికి ఫోన్ తీసుకుపోకూడదని విక్టోరియా పట్టుబట్టింది. ఆ ఒక్కటే నెగ్గింది.

గన్‌ఫౌండ్రీలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఆమె టెలిఫోన్ ఆపరేటర్. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని పన్నెండేళ్ళుగా రోజూ వందల గొంతులు వింటోంది. తనకూ ఒక సెల్ ఉంటే బాగుంటుందని అడిగితే హెర్బర్ట్ నవ్వాడు. "పొద్దంత ఫోన్ల ముందే కూసుంటవ్ గద, ఇంకా నీకెందుకు?" రెండు బిల్లులెందుకని ఇంట్లో ఉన్న ల్యాండ్‌లైన్ కూడా తీయించేశాడు. మెదక్ నుంచి అత్తగారు చేసినా, విక్టోరియా చెల్లెలు చేసినా ఇప్పుడు స్టెఫీ ఫోన్‌కే చేయాలి. "మమ్మీ, పిన్ని," అని ఫోన్ అందించి స్టెఫీ పక్కనే నిలబడేది.

మొదట్లో పిల్ల ఫోన్‌లో పాము ఆట ఆడింది, శ్రీనిధికి చూపించి గొప్పలు పోయింది. నెల తిరిగేసరికి కిందికి వెళ్ళడమే మానేసింది. కిటికీ దగ్గర స్టూల్ వేసుకుని హోంవర్క్ చేసుకునేది. విక్టోరియా మెట్లెక్కి రాగానే, "నడిచొచ్చినవా మమ్మీ? ఒక్కదానివేనా?" అని అడిగేది. తన మీద ప్రేమ పెరిగిందనుకుని విక్టోరియా మురిసిపోయింది. అప్పుడప్పుడు కడుపునొప్పి అంటే వాము నీళ్ళు తాగించింది. ఒకసారి టూర్ నుంచి వచ్చీ రాగానే హెర్బర్ట్, "మంగళారం ఏడింటికి వచ్చినవంట, ఎక్కడ తిరిగినవ్?" అని రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు. వామన్‌రావు చెప్పి ఉంటాడనుకుంది. ఆ పెద్దాయన మీద అనవసరంగా కోపం పెట్టుకుంది.

ఆ శుక్రవారం ఆఫీసులో డిపార్ట్‌మెంట్ పరీక్ష ఫలితాలు వచ్చాయి. విక్టోరియా పాసైంది. ఇక టెలిఫోన్ బోర్డు వదిలి అసిస్టెంట్ కుర్చీలోకి వెళుతుంది. పక్క సెక్షన్‌లోని కామాక్షి ఆమె చెయ్యి పట్టుకుని, "చాయ్ తాగకుండా ఇవ్వాళ నిన్ను వదల," అంది. విక్టోరియా స్టెఫీకి ఫోన్ చేసి, గంట లేటవుతుంది, పద్మ ఆంటీ దగ్గర కూర్చో అని చెప్పింది. "సరే మమ్మీ," అని మెల్లగా వినబడింది.

ఆబిడ్స్‌లో ఇరానీ హోటల్ ఫ్యామిలీ రూమ్‌లో ఇద్దరూ రెండేసి కప్పుల చాయ్ తాగారు, పొట్ట పట్టుకుని నవ్వారు. విక్టోరియా ఏడూ పదికి ఇల్లు చేరింది. స్టెఫీ కిందికి వెళ్ళలేదు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గరే ఉంది. తల్లిని చూడగానే భోరుమంది.

"మమ్మీ, నేను అబద్ధం చెప్పిన. జీసస్‌కు కోపమొస్తదా?"

"ఏం అబద్ధం బిడ్డా?"

"మమ్మీ వచ్చిందా అని డాడీ అడిగిండు. ఆరింటికే వచ్చిందన్న. ఫోనియ్యమంటే స్నానం చేస్తుందన్న. మళ్ళ చేస్తే ఇంకా చేస్తుందన్న."

"ఎందుకట్ల చెప్పినవ్?"

"నిజం చెప్తే నిన్ను తిడుతడు గద. మంగళారం నేనే చెప్పిన."

టూర్‌లో ఉన్నన్ని రోజులూ డాడీ ఫోన్ చేస్తాడట. అయిదున్నరకోసారి, ఆరింటికోసారి, మమ్మీ వంటింట్లో ఉండగా ఇంకోసారి. మమ్మీ ఏ టైముకు వచ్చింది, ఎవరన్న దింపిపోయిన్రా, ఏ చీర కట్టుకుంది, పిన్నితో ఏం మాట్లాడింది. మమ్మీకి చెప్పకు, ఇది మనిద్దరి సీక్రెట్ అన్నాడట.

విక్టోరియాకు మొదట సిగ్గు ముంచుకొచ్చింది, ఏ తప్పూ చేయకుండానే. 'హలో' అనగానే మనిషి మనసులో ఏముందో పసిగట్టే తను, రోజూ మెట్లెక్కి రాగానే పిల్ల గొంతులో ఎదురయ్యే ఆ బెదురును ఎలా వినలేకపోయింది? తరవాత మరో సంగతి తోచి ఆ సిగ్గు కాస్తా ఎగిరిపోయింది. తనను కాపాడటానికి ఎనిమిదేళ్ళ పిల్ల గంట నుంచీ ఒక్కతే యుద్ధం చేస్తోంది. ఇక ఈ పని తనది.

ఒళ్ళో ఫోన్ మోగింది. స్టెఫీ ఉలిక్కిపడింది. విక్టోరియా తీసుకుంది.

"బేటా, మమ్మీ స్నానం అయ్యిందా?"

"నేనే మాట్లాడుతున్న. ఇప్పుడే వచ్చిన, ఏడూ పదికి. కామాక్షితోని ఇరానీ హోటల్ల చాయ్ తాగిన. పరీక్ష పాసైన. ఇంకేమన్న అడిగేదుందా?"

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. "ఇంటికొచ్చినంక మాట్లాడుకుందాం," అని పెట్టేశాడు.

శనివారం మధ్యాహ్నం హెర్బర్ట్ టూర్ నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా మొదలుపెట్టాడు. "తండ్రి తన బిడ్డను ఏమన్న అడుగుతడు. గది కూడ తప్పేనా?"

"బిడ్డ సంగతి అడగున్రి. తిన్నదా, లెక్కలు వచ్చినయా, కడుపుల ఎందుకు నొస్తుంది, గివి అడగున్రి. ఇన్ని రోజులల్ల ఒక్కసారన్న అడిగిన్రా?"

"నువ్వు సక్కగ చెప్తే పిల్లనెందుకు అడుగుత?"

"నన్నెప్పుడు అడిగిన్రు?"

విక్టోరియా గొంతు పెంచలేదు. బల్ల మీదున్న ఫోన్ తీసి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"గిది ఇగ నా దగ్గరుంటది. నంబరు అదే. మీరెప్పుడు చేసినా నేనే ఎత్తుత. సోమవారం నుంచి లక్డీకాపూల్‌ల నాకు నెల రోజుల ట్రైనింగ్. ఎనిమిదైతది వచ్చేసరికి. స్టెఫీ బడి నుంచి పద్మ దగ్గరికి పోతది, పద్మతోని మాట్లాడిన. మీరు ఊర్ల ఉన్న రోజు మీరే తీసుకొచ్చి అన్నం పెట్టున్రి."

"మా అమ్మ వింటే ఏమనుకుంటది?"

"ఆమెను కూడ నాకే చెయ్యమనున్రి. చెప్త."

హెర్బర్ట్ వంగి బూట్లు విప్పాడు. తలుపు దగ్గర నిలబడ్డ స్టెఫీని దగ్గరికి పిలిచి, తల నిమిరి, మెత్తగా అడిగాడు. "నువ్వు చెప్పు బేటా. నీ ఫోన్ నీకు కావాల్నా, వద్దా?"

స్టెఫీ డాడీని చూసింది, మమ్మీని చూసింది. చెయ్యి కడుపు మీదికి పోయింది.

"దాన్ని అడగొద్దు," అంది విక్టోరియా. పిల్ల మెడలోంచి తాళంచెవి తాడు తీసి గోడకున్న మేకుకు తగిలించింది. "నువ్వు కిందికి పో బిడ్డా. శ్రీనిధి పిలుస్తుంది."

స్టెఫీ చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తింది. చీకటి పడుతుండగా, మోకాళ్ళ నిండా మట్టితో పైకి వచ్చి, మమ్మీ ఇంట్లో ఉందో లేదో చూడకుండానే, ఆకలైతుందని వాకిట్లోంచే అరిచింది.