థార్న్ గారి డిటోలు

ఫ్రీటౌన్‌లో వానలు మొదలైతే బూట్లకు బూజు పడుతుంది. ఆదివారం చర్చికి తొడిగి, తుడిచి, మంచం కింద పెట్టిన జత బుధవారానికల్లా పచ్చగా తయారవుతుంది. జోసయా థార్న్ గారికి ఈ ఒక్క విషయంలో దేవుడి మీద కూడా కాస్త కోపం ఉంది. బానిసత్వం వదిలించుకుని, నోవా స్కోషియా మంచులోంచి ఓడెక్కి ఆఫ్రికా తీరానికి వచ్చి ఈ ఊరు కట్టిన నల్లవాళ్ళ కుటుంబాల్లో వాళ్ళదొకటి. అలాంటి ఇంటి మనిషి బూజు పట్టిన బూట్లతో ఆఫీసుకు వెళ్ళడం బాగుండదు. వెళ్ళకపోతే అంతకన్నా బాగుండదు కనక వెళ్తూ ఉంటారు.

ఆయన ప్రభుత్వంవారి దగ్గర పెద్ద రైటరు. ఇంగ్లీషువారి యుద్ధనౌకలు సముద్రం మీద బానిసల ఓడలను వెంటాడి పట్టుకుని మా రేవుకు తెస్తాయి. కోర్టువారు ఓడను జప్తు చేసి, అందులోని మనుషులు ఇకమీదట స్వతంత్రులని తీర్పు చెప్తారు. ఆ స్వతంత్రులను రేవు పక్కన గోడలున్న ఆవరణలో వరసగా నిలబెడతారు. ఒక్కొక్కరి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీది గాట్లు దుబాసి చేత అడిగించి పెద్ద పుస్తకంలో ఎక్కించడం థార్న్ గారి పని. ఆయన చేతిరాత ముత్యాల కోవ. ఊళ్ళో పెళ్ళి పిలుపులన్నీ ఆయన చేతే రాయించుకుంటారు. పెళ్ళి నిలవకపోయినా పిలుపు మాత్రం దాచుకుంటారు.

చేతిరాత కాక ఆయనకు ఇంకో ఆస్తి ఉంది. ఏడేళ్ళ కిందట ఒక బ్రెజిల్ ఓడను పట్టుకున్న కెప్టెన్ దొర ఆ సంతోషంలో తన నౌక మీద విందు చేశాడు. ఆఫీసు మొత్తంలో పిలుపు అందింది థార్న్ గారికి ఒక్కరికే. కెప్టెన్ స్వయంగా చెయ్యి కలిపాడు. "ఈరోజు మనం కాపాడిన వాళ్ళందరి పేరునా" అని గ్లాసు పైకెత్తాడు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది థార్న్ గారేనట. ఈ కథ ఆయన ప్రతి ఆదివారం భోజనాల దగ్గర చెప్తారు. భార్య టాబితమ్మ పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా భర్తను "మిస్టర్ థార్న్" అనే పిలుస్తుంది. ఎన్నిసార్లు విన్నా సరే, "అవునా మిస్టర్ థార్న్?" అని సమయానికి ఆశ్చర్యపోతుంది.

వారం రోజుల్లో మిగతా ఆరు రోజులూ ఆ కథ వినే భారం ఫీబీది. ఆఫీసు మెట్ల పక్కన అకారా వేసి అమ్ముతుంది. అకారా అంటే అలసందల వడలే, కాకపోతే పామాయిల్లో ఎర్రగా వేగుతాయి. థార్న్ గారు రోజూ నాలుగు తింటారు. ఫీబీ చర్చివారు పెట్టిన పేరు. అసలు పేరు అయోకా. ఆమె ఆ బ్రెజిల్ ఓడలోనే వచ్చింది. తమ్ముడు అకాంజి కూడా అదే ఓడ. ఆడవాళ్ళను ఒక అరలో, మగవాళ్ళను ఇంకో అరలో కుక్కారు. దింపేటప్పుడూ ఆడవాళ్ళను పొద్దున, మగవాళ్ళను మధ్యాహ్నం దింపారు. ఆమెను ఒక పల్లెకు పంపారు, వాణ్ణి ఎక్కడికి పంపారో చెప్పే నాథుడు లేడు.

అందుకని ఆమె సాయంత్రం బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకుంది. కిందటి వారం ఆఫీసుకు కొత్తగా వచ్చిన దొరగారు, ఎవరి ఓడ పేజీలు వాళ్ళు వచ్చి చూసుకోవచ్చని హుకుం ఇచ్చారు. మర్నాడే ఫీబీ మూకుడు దించేసి, ఉతికిన తలగుడ్డ కట్టుకుని, థార్న్ గారి బల్ల ముందు నిలబడింది.

ముందు ఆడవాళ్ళ పేజీ తీశారు. ఆమె వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. అయోకా. అయిదడుగులు. ఎడమ చెంప మీద మూడు గాట్లు. చదివి చెంప తడుముకుంది. తన గురించి ఒక పుస్తకంలో నిజం రాసి ఉండడం ఆమెకు ఎంత నచ్చిందంటే, మళ్ళీ మొదటినుంచి చదివింది. థార్న్ గారు కూడా తన అక్షరాలు చూసుకుని మురిసిపోయారు. ఆ తర్వాత మగవాళ్ళ పేజీ తిప్పారు. పందొమ్మిది మందిదాకా ఆమె వేలు గడిగడికీ ఆగుతూ వచ్చింది. అక్కణ్ణుంచి జారిపోయింది.

"రైటరు గారూ, ఈ అక్షరం మా బళ్ళో చెప్పలేదు."

"ఏదమ్మా?"

"ఈ రెండు చిన్న గీతలు. పేజీ చివరిదాకా ఇవే ఉన్నాయి."

అది అక్షరం కాదనీ, డిటో అనీ, పైన ఏముందో కిందా అదే అని అర్థమనీ ఆయన చెప్పారు. ఆమె వేలు కిందనుంచి పైకి మెట్లెక్కినట్టు ఎక్కింది. ఇరవై ఇద్దరు మగాళ్ళు, పేర్లు మాత్రమే వేరు. అందరిదీ అయిదడుగుల ఆరంగుళాల ఎత్తు, అందరికీ ముఖాన గాట్లు, అందరికీ ఇరవై నాలుగేళ్ళు.

"మా అకాంజి నా చెవిదాకా వచ్చేవాడు అయ్యా. వాడు ఎక్కడా కనపడడేం?"

అప్పుడు ఆమె పేజీ తలమీద ఉన్న తేదీ చూసింది. చదవడం రాకముందే ఆ తేదీ ఆమెకు కంఠతా వచ్చు. రోజుకు నాలుగు వడల చొప్పున ఏడేళ్ళు విన్నది కదా.

"ఇది కెప్టెన్ దొర మీతో చెయ్యి కలిపిన రోజు."

థార్న్ గారు సిరాబుడ్డి మూత బిగించారు. అది బిగించే ఉంది.

జరిగింది ఇదీ. నౌక దగ్గరికి తీసుకెళ్ళే పడవ మూడింటికి. రెండున్నరకు పందొమ్మిది మంది అయ్యారు. ఇంకా ఇరవై ఇద్దరు ఎండలో నిలబడి ఉన్నారు. దుబాసిని ఇంటికి పొమ్మని, థార్న్ గారు తల వంచి పుస్తకం పూర్తి చేశారు. సంఖ్య మాత్రం తప్పలేదు, విడిపించిన మనుషులకు తలకింత అని నావికులకు బహుమానం ఉంది గనక అది వేరే లెక్కలో సరిపోవాలి. ఇక పేర్లకేం, ఆయనది పెద్ద కుటుంబం. చనిపోయిన చిన్నాన్నలనూ, వేలు విడిచిన మేనమామలనూ వరసగా దింపారు. టాబితమ్మ ముగ్గురు అన్నదమ్ములకూ ఆ పూటే ఒకే ఎత్తు వచ్చేసింది. బూట్లకు మెరుగు పెట్టుకోవడానికి కూడా టైము మిగిలింది.

ఫీబీ తిడితే బాగుండేది. ఆమె తిట్లకు ఆ వీధిలో మంచి పేరుంది. ఒకసారి కోర్టు జవాను సగం కొరికిన వడ వెనక్కి ఇస్తే, వాడి తాతదాకా వెళ్ళి వచ్చింది. ఈసారి మాత్రం గొంతు తగ్గించింది.

"పోనీలెండి. రాయకపోతే పోయె. మీరు చూశారు కదా వాణ్ణి. నిలబడగలిగాడా?"

ఆయన చూడలేదు. ఆ ఇరవై ఇద్దరిలో ఒక్కడి ముఖం కూడా ఆయన చూడలేదు. ఆ మాట పెదవిదాకా వచ్చింది కూడా. అక్కడ పెద్ద రైటరు హోదా అడ్డం పడింది.

"నిలబడ్డాడు. ఆరోగ్యంగానే ఉన్నాడు."

"నవ్వితే ముందు పళ్ళ మధ్య సందు కనపడుతుంది."

"కనపడింది."

"నవ్వాడా!" అంది ఫీబీ. మళ్ళీ పుస్తకం మీదికి వంగింది. వాడు ఏ వరసలో ఉన్నాడో చూపించమంది.

నంబర్లవారీగా ఎవరిని ఎక్కడికి పంపిందీ వేరే పుస్తకంలో ఉంటుంది. ఆ ఇరవై ఇద్దరిలో కొందరు వాటర్లూ పల్లెకు వెళ్ళారు. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి నడిచి వెళ్ళొచ్చు. కొందరు పటాలంలో చేరారు. సిపాయిలు ఉండే బారకాసులు కొండ మీదే ఉన్నాయి, ఆఫీసు కిటికీలోంచి కనిపిస్తాయి. ఎనిమిది మందిని సముద్రానికి ఆవల ట్రినిడాడ్ చెరకు తోటలకు కూలికి పంపారు. దగ్గరి అబద్ధం సాయంత్రానికి పట్టుబడుతుంది, దూరపు అబద్ధానికి ఆయుష్షు ఎక్కువ. థార్న్ గారు ఇంత ఆలోచించారని నేననను. వేలు మాత్రం వెళ్ళి ట్రినిడాడ్ వరసలో బర్నబాస్ అనే పేరు మీద ఆగింది. ఇతనే మీవాడు, పేరు ఇలా రాసుకున్నాం అన్నారు. బర్నబాస్ ఆయన చిన్నాన్న. ఎప్పుడో జ్వరంతో పోయాడు.

ఆ సాయంత్రానికి వార్త ఊరంతా పాకింది. ఫీబీ తమ్ముడు దొరికాడు, థార్న్ గారికి ఏడేళ్ళ తర్వాత కూడా వాడి నవ్వు గుర్తుంది. ఆదివారం పాస్టరు గారు ప్రసంగం ఆపి మరీ ఆయన జ్ఞాపకశక్తిని మెచ్చుకున్నారు. తల వెంట్రుకలు లెక్కపెట్టే దేవుడితో పోల్చారు. పక్క వరసల్లో ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తుంటే టాబితమ్మ టోపీ సర్దుకుంది. భోజనాల దగ్గర కెప్టెన్ కథ చెప్పమని చుట్టాలు అడిగారు. ఆయన కడుపునొప్పి అన్నారు. "అవునా మిస్టర్ థార్న్?" అని ఆవిడ ఈసారి నిజంగానే ఆశ్చర్యపోయింది.

సోమవారం ఆయన గుట్టుగా కొండెక్కి బారకాసుల దగ్గరికి వెళ్ళారు. అకాంజి అక్కడే దొరికితే అబద్ధం దానంతటదే చచ్చిపోతుందని ఆశ. ఎవరు కావాలని కాపలా సిపాయి అడిగాడు. ఒక మనిషి అన్నారు. ఎలా ఉంటాడన్నాడు. థార్న్ గారి నోటివెంట అలవాటు కొద్దీ "అయిదడుగుల ఆరంగుళాలు" అని వచ్చింది. మైదానంలో కవాతు చేస్తున్న రెండు వందల మందిని సిపాయి చేత్తో చూపించి, ఏరుకోమన్నాడు. ఆయన వానలో దిగి వచ్చేశారు.

మంగళవారం మెట్ల పక్కన పొయ్యి లేదు. ఫీబీ మూకుడూ, గిన్నెలూ, పల్లెలో తన గుడిసె చోటూ అమ్మేసిందని జవాను చెప్పాడు. గురువారం ట్రినిడాడ్‌కు కూలీల ఓడ పోతోంది, పేరు రాయించుకుందట. వెళ్ళడానికి డబ్బు అక్కర్లేదు. తిరిగి రావడానికే కావాలి.

నిన్న మధ్యాహ్నం ఆమె థార్న్ గారి ఇంటికి వచ్చింది. ఆకుల్లో చుట్టిన వేడి అకారా, పొరుగామె పొయ్యి మీద వేసుకొచ్చినవి, టాబితమ్మ చేతిలో పెట్టింది. తర్వాత ఆయన వైపు తిరిగి, ట్రినిడాడ్‌లో చూపించడానికి ఒక ఉత్తరం కావాలంది. బర్నబాస్ అని పిలవబడే అకాంజి, పొట్టివాడు, పళ్ళ మధ్య సందు, ఇతని అక్క వస్తోంది, చూసినవాళ్ళు చెప్పవలెను.

"మీ చేత్తోనే రాయండయ్యా. మీ అక్షరం చూస్తే ఎవరైనా నమ్ముతారు."

ఆయన రాశారు. ఒక్క కొట్టివేత లేదు. ఆమె సిరా ఆరేదాకా కూర్చుని, ఉత్తరం మడిచి, రవికలో పెట్టుకుని వెళ్ళింది. ఆకులు విప్పి చూస్తే అకారా నాలుగు కాదు, పన్నెండు ఉన్నాయి. టాబితమ్మ తిని బాగున్నాయంది. ఆయన ముట్టలేదు.

ఆమె వెళ్ళాక ఆయన నేరుగా పక్కింటికి వచ్చారు. పక్కిల్లు మాదే. తలుపు వేసి మొత్తం చెప్పారు, మీకు చెప్పిన ఈ వరసలోనే. చెప్తున్నంతసేపూ నా బూట్ల వంకే చూశారు. ఇప్పుడు ఏం చెయ్యమంటావని అడిగారు. నిజం చెప్పేయండి అన్నాను. చెప్తే ఆమెకు మిగిలేదేమిటి, అమ్మేసిన మూకుడూ ఇరవై రెండు డిటోలేగా అన్నారు. అయితే చెప్పకండి అన్నాను. ఆయన ఏడ్చారు. అరవై ఏళ్ళ మనిషి మా ఇంట్లో కూర్చుని ఏడవడం నేనెన్నడూ చూడలేదు. ఎటు చూడాలో తెలియక నేను కిటికీ వంక చూశాను. ఒకవేళ వాడు నిజంగానే ట్రినిడాడ్ వెళ్ళిన ఆ ఎనిమిది మందిలో ఉంటే? అదీ అన్నారు. ఆ మాట పట్టుకునే ఇంటికి వెళ్ళిపోయారు.

ఈరోజు బుధవారం. ఓడ రేపు పొద్దున్నే సముద్రం పాటు తీయగానే కదులుతుంది. ఆయన తలుపు వేసుకున్నారు, ఒంట్లో బాగాలేదని టాబితమ్మ ఆఫీసుకు చీటీ పంపింది. ఫీబీ మూట పక్కన పెట్టుకుని రేవు దగ్గర పాక కింద కూర్చుని ఉంది. ఇందాక అటు వెళ్తే పిలిచి, ఉత్తరం విప్పి, అక్షరాలు ఎంత బాగున్నాయో చూడమంది. నేను చూశాను. చాలా బాగున్నాయన్నాను. ఇంటికి వచ్చేశాను. నిన్నటిదాకా ఈ సంగతి తెలిసినవారు ఆయనొక్కరే, ఇప్పుడు నేనూ ఉన్నాను. వెళ్ళి చెప్పమంటారా, ఊరుకోమంటారా? చెప్తే ఏ మాటతో మొదలుపెట్టాలి? మీలో ఎవరికైనా తోస్తే దయచేసి చెప్పండి, కాస్త తొందరగా చెప్పండి.